లేజర్ డయోడ్‌తో కాంతి స్విచ్, కాంతి మెమరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాజెక్టు రివ్యూలు దగ్గరపడితే చాలు, ఈసీఈ పిల్లల నుంచీ ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లల నుంచీ అవే డౌట్లు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. రాత్రి పదకొండింటికి ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక నాకు తగ్గిపోయింది, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఈక్వేషన్లు పెట్టలేదు, అవి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి.

## మొదట్లో వచ్చే డౌట్లు

"ఆల్-ఆప్టికల్" అంటే ఏంటి? మా ఇంట్లో ఫైబర్ నెట్ కూడా ఆప్టికలే కదా?

ఫైబర్ నెట్‌లో కాంతి చేసేది మోత పని మాత్రమే. గోడకి బిగించిన ఆ తెల్ల డబ్బాలో ఒక లేజర్ డయోడ్ ఉంటుంది, జీపాన్ అనే ఫైబర్ నెట్ పద్ధతి అయితే అది 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర మీ డేటాను పంపుతుంది, అటు నుంచి వచ్చేది 1490 దగ్గర వస్తుంది. కానీ దారిలో ఏ రౌటర్‌ దగ్గరైనా ఈ ప్యాకెట్ ఎటు పోవాలి అని తేల్చాల్సి వచ్చిందంటే కాంతి ప్రయాణం అక్కడితో సరి. ఫోటోడయోడ్ దాన్ని కరెంటుగా మారుస్తుంది, సిలికాన్ చిప్ లెక్క చూస్తుంది, ఇంకో లేజర్ మళ్లీ కొత్తగా కాంతి పుట్టిస్తుంది. మధ్యలో ఈ కరెంటు మజిలీ లేకుండా, ఒక కాంతి పుంజమే ఇంకో పుంజాన్ని ఆపడం, మళ్లించడం, గుర్తుపెట్టుకోవడం చేస్తే దాన్ని ఆల్-ఆప్టికల్ అంటాం. డయోడ్‌కు బయాస్ కరెంటు, అంటే దాన్ని నడిపించే స్థిరమైన కరెంటు, ఎలాగూ ఇస్తూనే ఉంటాం, దానికెవరూ అభ్యంతరం చెప్పరు. సిగ్నల్ దారిలోకి మాత్రం కరెంటు రాకూడదు.

రెండు టార్చ్‌లైట్లు ఎదురెదురుగా వేస్తే ఒకదాన్నొకటి తాకవు. మరి కాంతి కాంతిని ఎలా ఆపుతుంది?

గాలిలో తాకదు, నిజమే. మధ్యవర్తి ఒకరు కావాలి. సెమీకండక్టర్‌లో ఆ మధ్యవర్తులు ఎలక్ట్రాన్లూ హోల్సూ, రెంటినీ కలిపి క్యారియర్లు అంటాం. కరెంటు పంపి మనం వాటిని నింపుతుంటాం, లోపలికొచ్చిన కాంతి వాటిని ఖర్చుపెట్టి తను పెరుగుతుంటుంది. ఇప్పుడు ఒక బలమైన పుంజం వచ్చి క్యారియర్లను ఊడ్చేసిందనుకోండి, పక్కనే ఇంకో రంగులో వస్తున్న బలహీనమైన పుంజానికి ఏం మిగుల్తుంది? బంతిభోజనంలో చివరి వరస వచ్చేసరికి గారెలు అయిపోయినట్టే. ఇది గెయిన్ (కాంతి పెరగడం) వైపు కథ. దీంతోపాటు క్యారియర్లు తగ్గగానే ఆ పదార్థపు వక్రీభవన గుణకం పెరుగుతుంది, కాబట్టి రెండో పుంజం ఫేజ్ (అలల వరస) కూడా జరుగుతుంది. ఈ రెండు మార్పుల మధ్య నిష్పత్తిని ఆల్ఫా ఫ్యాక్టర్ అంటారు. లేజర్ లైన్‌విడ్త్ (అది వెలిగే రంగు వెడల్పు) అనుకున్నదానికంటే ఎందుకు ఎక్కువగా వస్తోందో 1982లో బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ హెన్రీ దీంతోనే వివరించారు. మామూలు డయోడ్లలో దాని విలువ సుమారు 2 నుంచి 6 దాకా ఉంటుంది. స్విచ్చింగ్‌లో సగం మాయలు ఈ ఒక్క నంబర్ వల్లే.

ఫైబర్‌తో కూడా చేయొచ్చంటారు, మరి లేజర్ డయోడే ఎందుకు?

చేయొచ్చు, కానీ గాజులో నాన్‌లీనియారిటీ (కాంతి వల్ల పదార్థం గుణం మారడం) చాలా బలహీనం, వాట్లలో పవరో కిలోమీటర్ల పొడవో ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. లేజర్ డయోడ్ చిప్ పొడవు 300 మైక్రాన్ల చిల్లర, ఒక ఉప్పు రవ్వంత. లోపల కాంతి రెండు కొసల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటుంది, గెయిన్ కూడా అక్కడే ఉంటుంది, అందుకే బయట నుంచి మైక్రోవాట్లో మిల్లీవాటో పంపినా లోపల పరిస్థితి మారిపోతుంది. పైగా బయటికొచ్చే సిగ్నల్ తగ్గకుండా పెరిగి వస్తుంది. బదులుగా పోగొట్టుకునేది వేగం: గాజు ఫెమ్టోసెకన్లలో స్పందిస్తుంది, క్యారియర్లకు మళ్లీ నిండడానికి నానోసెకను దాకా పడుతుంది.

ఇది కొత్త టాపిక్కేనా సార్? గైడ్ పాతది అంటున్నారు

గైడ్ చెప్పిందే కరెక్టు. సెమీకండక్టర్ లేజర్ పుట్టింది 1962లో, దాన్ని ద్రవ నైట్రోజన్‌లో ముంచి పల్సులతో నడిపించాల్సి వచ్చేది. 1964కే ఐబీఎంలో గోర్డన్ లాషర్, ఆ డయోడ్ పైన ఉన్న కాంటాక్ట్‌ను రెండు ముక్కలు చేసి వేర్వేరు కరెంట్లు ఇస్తే అది రెండు స్థిర స్థితుల్లో ఉండగలదని లెక్కగట్టి రాశారు. గది ఉష్ణోగ్రత దగ్గర ఆగకుండా వెలిగే లేజర్ 1970 దాకా రానేలేదు, అంటే మెమరీ ఐడియా మామూలు లేజర్ కంటే ముందే వచ్చేసిందన్నమాట! 1980ల్లో కాల్‌టెక్‌లో యారివ్ బృందం, జపాన్‌లో కవాగుచి దీన్ని చేసి చూపించారు. ఆ తర్వాత పేరున్న రెండు మైలురాళ్లు 2004లో ఐండ్‌హోవెన్, 2010లో బెల్జియంలోని గెంట్, వాటి సంగతి కింద మెమరీ దగ్గర చెప్తా. పాత టాపిక్ అని వదిలేయకండి, పాతది కాబట్టే లెక్కలు సరిచూసుకోవడానికి బోలెడంత దొరుకుతుంది.

## స్విచ్చింగ్ దగ్గర ఆగిపోయేవాళ్లకి

ఎస్‌ఓఏ (సెమీకండక్టర్ ఆప్టికల్ యాంప్లిఫయర్), లేజర్ డయోడ్ ఒకటేనా?

పదార్థం ఒకటే, అద్దాలు వేరు. చిప్‌ను విరిచిన అంచు దానంతటదే సుమారు 30 శాతం కాంతిని వెనక్కి పంపుతుంది, లేజర్‌కు ఆ అద్దం చాలు. ఎస్‌ఓఏలో ఆ అంచులకు పూత పూసి, వేవ్‌గైడ్‌ను (కాంతి నడిచే కాలువను) కాస్త వాలుగా పెట్టి ప్రతిఫలనాన్ని దాదాపు లేకుండా చేస్తారు, కాబట్టి కాంతి ఒక్కసారే దాటి వెళ్తుంది. స్విచ్ ఒక్కటే కావాలంటే ఎస్‌ఓఏ హాయి. గుర్తుపెట్టుకోవాలంటే ఫీడ్‌బ్యాక్ కావాలి, అప్పుడు అద్దాలున్న లేజర్ కావాలి.

ఇంజెక్షన్ లాకింగ్‌తో స్విచ్ ఎలా పనిచేస్తుంది? సిగ్నల్‌ని సరిగ్గా మోడ్ మీదే పెట్టినా హిస్టెరిసిస్ రావట్లేదు

ఇంజెక్షన్ లాకింగ్ అంటే బయటి కాంతిని లేజర్లోకి పంపి దాన్ని ఆ కాంతి రంగుకే కట్టేయడం, మోడ్ అంటే లేజర్ వెలగగల ఒక్కో తరంగదైర్ఘ్యం. సరిగ్గా మోడ్ మీద పెట్టడమే పొరపాటు. 1550 నానోమీటర్ల దగ్గర పనిచేసే 300 మైక్రాన్ల ఫాబ్రీ-పెరో (రెండు కొసలే అద్దాలైన) లేజర్‌ని స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో చూడండి, దువ్వెన పళ్లలా మోడ్‌లు కనిపిస్తాయి, పంటికీ పంటికీ మధ్య సుమారు 1.1 నానోమీటర్. వాటిలో ఒక పన్ను దగ్గర బయట నుంచి కాంతి పంపితే ఆ ఒక్కటే లేచి నిలబడుతుంది, మిగతావి 30 డీబీ వరకూ అణిగిపోతాయి. అణిగిపోయిన వాటిలో ఒకదాన్ని ఫిల్టర్‌తో పట్టుకుంటే అదే మీ ఇన్వర్టర్: ఇన్‌పుట్ ఉంటే అవుట్‌పుట్ లేదు, ఇన్‌పుట్ లేకపోతే ఉంది.

ఇక హిస్టెరిసిస్, అంటే ఎక్కే చోటూ దిగే చోటూ వేరుగా ఉండటం. సిగ్నల్‌ని మోడ్ కంటే కొంచెం పొడవైన తరంగదైర్ఘ్యం వైపు పెట్టాలి. కాంతి లోపలికి వెళ్లగానే క్యారియర్లు తగ్గుతాయి, గుణకం పెరుగుతుంది, దువ్వెన మొత్తం పొడవైన వైపు జరుగుతుంది, అంటే ఆ పన్ను మీ సిగ్నల్‌ వైపే నడిచి వస్తుంది. దగ్గరికొచ్చేకొద్దీ ఇంకా ఎక్కువ కాంతి లోపలికి దూరుతుంది, దువ్వెన ఇంకా జరుగుతుంది, ఒక దశలో ఠక్కున లాక్ అయిపోతుంది. ఇప్పుడు పవర్ తగ్గించండి, వెంటనే వదలదు, ఎక్కినచోట దిగకుండా ఇంకా చాలా కిందికొచ్చాకే వదుల్తుంది. ఆ ఎక్కే చోటుకీ దిగే చోటుకీ మధ్య ఉన్న ఎడమే మీకు కావాల్సింది. మోడ్‌కి అటుపక్కన, అంటే పొట్టి తరంగదైర్ఘ్యం వైపు పెడితే దువ్వెన మీ నుంచి పారిపోతుంది, ఎంతసేపు తిప్పినా లూప్ రాదు.

పేపర్లో పికోసెకన్లు అని ఉంది, నాకు నానోసెకన్ వస్తోంది. నా డివైజ్ పాడైందా?

పాడవలేదు. క్యారియర్లను ఊడ్చేయడం త్వరగా అవుతుంది, ఎందుకంటే అది వచ్చే పల్స్ బలం మీద ఆధారపడుతుంది. తిరిగి నింపాల్సింది మాత్రం బయాస్ కరెంటు, దానికి వందల పికోసెకన్ల నుంచి నానోసెకను దాకా పడుతుంది. బిందె ఒంపడం ఎంతసేపు, నల్లా కింద పెట్టి నింపడం ఎంతసేపు! దీన్ని తప్పించుకోవడానికి ఒక తెలివైన దారి ఉంది: ఇంటర్‌ఫెరోమీటర్‌ (కాంతిని రెండు దారులుగా చీల్చి మళ్లీ కలిపే అమరిక) రెండు చేతుల్లోనూ ఒకే మార్పు కొద్ది తేడాతో వచ్చేలా పెడితే, నెమ్మదిగా కోలుకునే తోక రెండింటిలోనూ ఒకేలా ఉండి కొట్టివేయబడుతుంది, మధ్యలో చిన్న కిటికీ మాత్రమే మిగుల్తుంది. 1993లో ప్రిన్స్‌టన్‌లో ప్రుక్నల్ బృందం ఎస్‌ఓఏని ఒక ఫైబర్ లూప్‌లో మధ్యకు కాకుండా కాస్త పక్కకు పెట్టి చేసింది ఇదే. కరెంటు పెంచడం కూడా కొంత సాయపడుతుంది, వేడి గురించి చూసుకుంటూ పెంచండి.

డేటా సెంటర్లలో గూగుల్ ఆప్టికల్ స్విచ్‌లు పెట్టిందట కదా, అవి ఇవేనా?

అవి వేరు. వాటిలో కొద్దికొద్దిగా తిరిగే చిన్న చిన్న అద్దాలుంటాయి, 136 ఇన్‌పుట్లు, 136 అవుట్‌పుట్లు. అద్దాన్ని తిప్పేది కరెంటే, తిరగడానికి మిల్లీసెకన్లు పడుతుంది, తిరిగాక గంటల తరబడి అలాగే ఉంచుతారు. రైల్వే పాయింట్ మార్చినట్టు. లేజర్ డయోడ్ స్విచ్ ప్రతి ప్యాకెట్‌కీ, కొన్నిసార్లు ప్రతి బిట్‌కీ మారాలి, మార్చేది కూడా కాంతే అవ్వాలి. ఈ రెండు రకాలకీ ఒకే పేరు ఉండటంతో ఇంటర్వ్యూల్లో కూడా తికమకపడుతున్నారు.

## మెమరీ దగ్గర వచ్చేవి

కాంతి ఒక్క క్షణం ఆగదు కదా, దాన్ని ఎలా దాస్తారు?

దాయరు. ఈ ఒక్క మాట బుర్రకెక్కితే మిగతా అంతా తేలిక. లోపలికొచ్చిన పల్స్ ఫోటాన్లు కొన్ని పికోసెకన్లలో బయటికి పోతాయి, వాటిని ఎవరూ పట్టి ఉంచలేదు. ఆ పల్స్ లేజర్‌ని ఒక అలవాటు నుంచి ఇంకో అలవాటులోకి తోసి వెళ్లిపోతుంది, తర్వాత లేజర్ తన సొంత కరెంటుతో ఆ అలవాటులోనే వెలుగుతూ ఉంటుంది. ఆ అలవాటు అనేకరకాలు: వెలగడం లేదా వెలగకపోవడం, రింగ్ లేజర్‌లో కాంతి సవ్యంగా తిరగడం లేదా అపసవ్యంగా తిరగడం, రెండు రంగుల్లో ఏదో ఒకటి, రెండు పోలరైజేషన్లలో (కాంతి కంపన దిశల్లో) ఏదో ఒకటి. బిట్ ఉన్నది ఆ ఎంపికలో. చదవాలంటే ఊరికే చూస్తే చాలు, లేజర్ ఎలాగూ వెలుగుతూనే ఉంది.

సాచ్యురబుల్ అబ్జార్బర్ పెడితే బైస్టెబిలిటీ (రెండు స్థిర స్థితులు) ఎందుకొస్తుంది?

లేజర్ పొడవులో ఒక చిన్న ముక్కకు కరెంటు ఇవ్వకుండా వదిలేస్తారు. ఆ ముక్కే అబ్జార్బర్, అది కాంతిని మింగుతుంది, కానీ మింగే శక్తికి హద్దుంది, బాగా కాంతి పడితే కడుపు నిండి పారదర్శకమైపోతుంది. లేజర్ ఆరిపోయి ఉంటే ఆ ముక్క ఆకలితో ఉంటుంది, నష్టం ఎక్కువ, కాబట్టి అదే కరెంటుకి లేజర్ వెలగలేదు. ఒక పల్స్ వచ్చి దాని కడుపు నింపిందంటే నష్టం తగ్గి లేజర్ అంటుకుంటుంది, అంటుకున్నాక తన కాంతితో తనే ఆ ముక్కను నిండుగా ఉంచుకుంటుంది. ఒకే కరెంటు దగ్గర రెండూ నిజాలే. అలా రెండూ కుదిరే కరెంటు పరిధి వెడల్పు చాలా డయోడ్లలో మిల్లీఆంపియర్ చుట్టుపక్కలే ఉంటుంది, అందుకే కరెంట్ సోర్స్ నాయిస్ తక్కువది కావాలి.

అన్నా, సెట్ పల్స్‌తో ఆన్ అవుతోంది, ఆఫ్ మాత్రం అవ్వట్లేదు. ఎందుకు?

అందరికీ ఇక్కడే చుక్కలు కనిపిస్తాయి. కాంతి వేసి దీపం వెలిగించడం సులువు, కాంతి వేసి దీపం ఆర్పడం ఎలా? లేజర్ గెయిన్ పరిధిలోనే ఉన్న ఇంకో తరంగదైర్ఘ్యంలో బలమైన పల్స్ వేసి క్యారియర్లను దోచుకుంటే, లేజర్‌కు మేత లేక ఆరిపోతుంది, అబ్జార్బర్ మళ్లీ ఆకలి మీదికొస్తుంది. పని చేస్తుంది గానీ పల్స్ శక్తిని జాగ్రత్తగా పట్టాలి, ఎక్కువైతే క్యారియర్లు తిరిగి నిండేటప్పుడు లేజర్ మళ్లీ అంటుకుంటుంది.

నా అభిప్రాయంలో మంచి దారి, ఆన్-ఆఫ్ అన్నదే లేకుండా చేయడం. రెండు లేజర్లను జతచేసి, ఒకటి వెలిగితే రెండోదాన్ని అణచేలా పెడితే సెట్, రీసెట్ రెండూ ఒకే రకం పని అవుతాయి, ఇటు వేస్తే ఇది గెలుస్తుంది, అటు వేస్తే అది. 2004లో ఐండ్‌హోవెన్‌లో మార్టిన్ హిల్ బృందం రెండు చిన్న రింగ్ లేజర్లతో చేసింది ఇదే. చోటు 18×40 మైక్రాన్లు, మారడానికి 20 పికోసెకన్లు, పల్స్ శక్తి 5.5 ఫెమ్టోజూల్‌లు. 1550 దగ్గర ఒక ఫోటాన్ శక్తి 0.8 ఎలక్ట్రాన్ వోల్టు కాబట్టి లెక్కేస్తే అవి నలభై మూడు వేల ఫోటాన్లు. 2010లో గెంట్‌లో సిలికాన్ మీద అతికించిన 7.5 మైక్రాన్ల డిస్క్ లేజర్ 1.8 ఫెమ్టోజూల్‌లకే మారింది, పద్నాలుగు వేల ఫోటాన్లు.

విక్సెల్ పోలరైజేషన్ మెమరీ అంటే?

విక్సెల్ అంటే చిప్ అంచు నుంచి కాక పై ముఖం నుంచి వెలిగే లేజర్, అది గుండ్రంగా ఉంటుంది, కాబట్టి కాంతి కంపన దిశ ఇటా అటా అన్నదానికి దానికి పెద్ద పట్టింపు ఉండదు. చతురస్రంగా చెక్కితే ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు దిశలు సమానంగా పోటీ పడతాయి. 0 డిగ్రీల పల్స్ వేస్తే అటు, 90 డిగ్రీల పల్స్ వేస్తే ఇటు. లేజర్ ఎప్పుడూ ఆరదు, లోపల క్యారియర్ల సంఖ్య పెద్దగా మారదు, అందుకే వేగంగా మారుతుంది. కవాగుచి బృందం దీన్ని వరసగా పేర్చి 4 బిట్ల బఫర్ దాకా తీసుకెళ్లింది. ఇబ్బంది ఏమిటంటే ప్రతి విక్సెల్‌కీ ఆ సమానమైన పోటీ ఎక్కడొస్తుందో విడిగా వెతుక్కోవాలి, ఒకే వేఫర్ మీద పక్కపక్కనున్నవి కూడా ఒకేలా ఉండవు.

కరెంటు పోతే డేటా ఉంటుందా?

ఉండదు. బయాస్ తీసేస్తే లేజర్ ఆరిపోతుంది, బిట్ కూడా పోతుంది. కరెంటు లేకపోయినా ఉండే కాంతి మెమరీ కావాలంటే, వేవ్‌గైడ్ మీద ఫేజ్-చేంజ్ పదార్థం (స్ఫటికంగానో, క్రమంలేని గాజులానో మారి అలాగే ఉండిపోయేది) పూసే దారి ఉంది, 2015లో ఆక్స్‌ఫర్డ్‌లో భాస్కరన్ బృందం, జర్మనీలోని సహచరులతో కలిసి చూపించింది.

ఫైబర్ చుట్ట ఒకటి పెట్టి ఆలస్యం చేస్తే చాలదా?

ఫైబర్‌లో మీటర్‌కి సుమారు 4.9 నానోసెకన్లు. 1500 బైట్ల ప్యాకెట్, సెకనుకి 10 గిగాబిట్ల వేగంలో 1.2 మైక్రోసెకన్లు, అంటే ఒక్క ప్యాకెట్‌ని పట్టుకోవడానికి 245 మీటర్ల చుట్ట. పైగా అది లోపలికెళ్లిందంటే సరిగ్గా 1.2 మైక్రోసెకన్లకే బయటికొస్తుంది, ముందు కావాలన్నా రాదు, ఆగమన్నా ఆగదు. ఎప్పుడు అడిగితే అప్పుడు ఇచ్చేదాన్నే మెమరీ అనాలి.

సీడీ, డీవీడీ కూడా లేజర్ మెమరీయే కదా, వైవాలో చెప్పొచ్చా?

చెప్పకండి. అక్కడ 780, 650 నానోమీటర్ల లేజర్ డయోడ్ చేసేది చదవడం, రాయడం, బిట్ ఉండేది ప్లాస్టిక్ బిళ్ల మీద.

ఇది కంప్యూటర్ ర్యామ్‌ని ఎప్పుడు దాటుతుంది?

ర్యామ్‌గా అయితే దాటదనే నా నమ్మకం, ఈ మాట చెప్తే కొందరు పిల్లలు నొచ్చుకుంటారు కానీ లెక్క చూడండి. ఇప్పటి మంచి ప్రాసెస్‌లో ఎస్‌ర్యామ్ (చిప్ లోపలి వేగమైన ర్యామ్) సెల్ ఒకటి 0.02 చదరపు మైక్రాన్ల దగ్గర ఉంటుంది, 18×40 రింగ్ మెమరీ 720 చదరపు మైక్రాన్లు. ఒకదాని చోటులో ముప్పై వేలకు పైగా సెల్స్ పడతాయి. చిప్ లోపల కాంతి తరంగదైర్ఘ్యమే అర మైక్రాన్ దాకా ఉంటుంది, ఎంత కుదించినా అక్కడ గోడ తగులుతుంది. ఇక పవర్: ఒక్కో బిట్‌కి ఒక్క మిల్లీవాటే అనుకున్నా, ఒక గిగాబైట్ అంటే 800 కోట్ల బిట్లు, 8 మెగావాట్లు. లేజర్ కాని దారిలో, ఫోటానిక్ క్రిస్టల్ నానోకేవిటీలతో (కాంతిని పట్టి ఉంచే అతిచిన్న గూళ్లతో) జపాన్‌లో ఎన్‌టీటీ 2014 నాటికి వందకు పైగా బిట్లను ఒకే చిప్ మీద చూపించింది, వాటికి పవర్ చాలా తక్కువ. అయినా వంద బిట్లు.

## బెంచ్ మీద

లేజర్ కొత్తది, వెలుగుతోంది, కానీ థ్రెషోల్డ్ కనిపించట్లేదు

థ్రెషోల్డ్ అంటే లేజర్ నిజంగా లేజర్లా వెలగడం మొదలయ్యే కరెంటు. కరెంటు పెంచుతుంటే పవర్ మోకాలు మడత లేకుండా నెమ్మదిగా పెరుగుతుంటే, అది లేజర్ నుంచి ఎల్ఈడీ అయిపోయింది. చాలావరకు స్టాటిక్ దెబ్బ. నేను ఒకసారి డిసెంబర్‌లో ఏసీ గదిలో రిస్ట్ స్ట్రాప్ లేకుండా, స్వెట్టర్ విప్పి కుర్చీ మీద పడేసి, నేరుగా బటర్‌ఫ్లై ప్యాకేజీ పిన్నులు పట్టుకున్నా. చిటుక్కుమన్న చప్పుడు కూడా వినబడలేదు. మర్నాడు ప్లాట్ గీస్తే తిన్నని గీత, మా గైడ్ ఆ గీత చూసి ఏమీ అనకుండా టీ తాగడానికి వెళ్లిపోయారు, తిట్టినా బాగుండేది. స్ట్రాప్ కట్టండి, పిన్నులన్నీ షార్ట్ చేసి ఉంచండి, డ్రైవర్‌లో కరెంట్ లిమిట్ పెట్టాకే అవుట్‌పుట్ ఆన్ చేయండి.

పొద్దున లాక్ అయింది, మధ్యాహ్నానికి పోయింది

ఉష్ణోగ్రత. మోడ్‌లు డిగ్రీకి సుమారు 0.1 నానోమీటర్ జరుగుతాయి, 1550 దగ్గర అది 12.5 గిగాహెర్ట్జ్, లాకింగ్ పరిధి చాలాసార్లు అంతకంటే చిన్నది. కంట్రోలర్‌ని 0.01 డిగ్రీకి పట్టి ఉంచండి, థర్మిస్టర్ 10 కిలో ఓమ్‌లదేనా కాదా చూసుకోండి, రెండు లేజర్లకీ అరగంట వేడెక్కే టైమ్ ఇవ్వండి. అది సరిగ్గా ఉన్నా పోతోందంటే పోలరైజేషన్ చూడండి, టేబుల్ మీద ఎవరో ఫైబర్‌ని ముట్టుకుని ఉంటారు. టేపుతో అతికించేయండి.

లూప్ వచ్చింది, అది నిజమైన హిస్టెరిసిస్సేనా?

మంచి ప్రశ్న, చాలామంది అడగరు. లేజర్ వేడెక్కడం వల్లా, డిటెక్టర్ ఆలస్యం వల్లా కూడా స్కోప్‌లో అందమైన లూప్ వస్తుంది. స్వీప్ వేగం సగం చేయండి, మళ్లీ సగం చేయండి. లూప్ సన్నబడుతూ పోతే అది ఆలస్యం వల్ల వచ్చింది. నిజమైనదైతే దాదాపు అలాగే ఉంటుంది. ఇంకో పరీక్ష నాకు ఎక్కువ ఇష్టం: స్వీప్ ఆపేసి లూప్ మధ్యలో బయాస్ పెట్టండి, ఒక పల్స్ వేసి పైకి ఎక్కించి, క్యాంటీన్‌కి వెళ్లి రండి. తిరిగొచ్చేసరికి పైనే ఉంటే మెమరీ.

ఐసోలేటర్ (కాంతిని ఒకే వైపు పోనిచ్చేది) ఖరీదు ఎక్కువ, లేకపోతే నడవదా?

ప్రతిఫలించి వచ్చిన కాంతి కూడా లేజర్‌కి ఇంజెక్షనే, మీ సిగ్నలో గోడ మీంచి వచ్చిందో దానికి తెలీదు. సిగ్నల్ ఇచ్చే లేజర్ తర్వాత ఐసోలేటర్ తప్పనిసరి. కనెక్టర్లు ఆకుపచ్చవి, అంటే 8 డిగ్రీల వాలున్నవి వాడండి. ఆకుపచ్చదాన్ని నీలం దానికి బలవంతంగా కలపొద్దు, రెండూ పాడవుతాయి.

ఫోన్ కెమెరాలో చూస్తే వెలగట్లేదు, పోయినట్టేనా?

ఫోన్ కెమెరా సిలికాన్, సుమారు 1100 నానోమీటర్లు దాటితే దానికి చూపు ఉండదు. 850 కనిపించొచ్చు, 1310, 1550 కనిపించవు. పవర్ మీటర్‌తో గానీ ఐఆర్ కార్డ్‌తో గానీ చూడండి. ఫైబర్ కొసలోకి కంటితో మాత్రం తొంగి చూడకండి, 850, 980 కంటికి దాదాపు కనబడకుండానే రెటీనా దాకా వెళ్తాయి.

## ప్రాజెక్టు, ఆ తర్వాత

మా కాలేజీలో ఆప్టిక్స్ ల్యాబ్ లేదు, సిమ్యులేషన్ చాలా?

బీటెక్‌కి చాలు. క్యారియర్లకి ఒక రేట్ ఈక్వేషన్, ఫోటాన్లకి ఒకటి, అబ్జార్బర్ ఉంటే మూడోది, పైథాన్‌లో వంద లైన్లు. క్యారియర్ జీవితకాలం 1 నానోసెకను, ఫోటాన్ జీవితకాలం 2 పికోసెకన్లు దగ్గర మొదలుపెట్టండి. చాలామంది చేసే తప్పు టైమ్ స్టెప్: ఫోటాన్ 2 పికోసెకన్లలో పోతుంటే స్టెప్ 10 పికోసెకన్లు పెట్టి, గ్రాఫ్ పేలిపోయిందని మెసేజ్ పెడతారు. 0.1 పికోసెకను పెట్టండి. స్పాంటేనియస్ ఎమిషన్ (దానంతటదే పుట్టే కాంతి) టర్మ్ మర్చిపోతే లేజర్ ఎప్పటికీ వెలగదు, సున్నాని దేంతో గుణించినా సున్నాయే.

ఇప్పుడు దీన్ని ఎవరు వాడుతున్నారు? ఉద్యోగాలున్నాయా?

2000ల్లో అమెరికాలో రక్షణ పరిశోధన సంస్థ డార్పా డబ్బుతో మొత్తం కాంతితోనే నడిచే రౌటర్ కోసం గట్టిగా ప్రయత్నించారు, బఫర్ దగ్గరే పెద్ద చిక్కొచ్చింది. అది మార్కెట్‌కి రాలేదు. అదే ఫిజిక్స్ ఇప్పుడు వేరే ఇళ్లకి చేరింది. అబ్జార్బర్ ఉన్న లేజర్‌ని థ్రెషోల్డ్‌కి కాస్త కింద పెడితే, ఒక స్థాయి దాటిన ఇన్‌పుట్‌కి మాత్రమే ఒక్క పల్స్ కొట్టి ఊరుకుంటుంది, అచ్చం నాడీకణంలా. ప్రిన్స్‌టన్, స్ట్రాత్‌క్లైడ్ బృందాలు దీనిమీదే ఉన్నాయి. లేజర్ వెలుగులో వచ్చే గందరగోళాన్నే (కేయాస్) వాడుకుని 2008లో జపాన్‌లో ఉచిడా బృందం సెకనుకి 1.7 గిగాబిట్ల యాదృచ్ఛిక సంఖ్యలు తీసింది. ఉద్యోగాల్లో "ఆప్టికల్ మెమరీ ఇంజనీర్" అని ఎవరూ పిలవరు. ట్రాన్స్‌సీవర్లు, సిలికాన్ ఫోటానిక్స్, లేజర్ టెస్టింగ్ వైపు పిలుస్తారు, అక్కడ ఇంటర్వ్యూలో అడిగేది థ్రెషోల్డ్ ఎలా కొలిచావు, ఉష్ణోగ్రత ఎలా పట్టి ఉంచావు, రిఫ్లెక్షన్ వస్తే ఏం చేశావు అనే.